విప్పి చూసే హక్కు

రేడియోను గురించి మనవాళ్లు రాసిందంతా దాదాపు దానిలోంచి వచ్చే మాటను గురించే. ఏ కేంద్రం ఏ వర్గానికి కొమ్ము కాస్తున్నది, ఏ నాటకంలో ప్రజలు వున్నారు, ఏ వార్తలో లేరు అని విచారించారు. ఆ విచారణ అవసరమే. 1932లోనే జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రేడియో వినిపించడంతో ఆగిపోరాదనీ, శ్రోత చేత మాట్లాడించే సాధనం కూడా కావాలనీ వాదించాడు. కాని మాట కంటే ముందు పెట్టె వుంది. ఆ పెట్టె మూగబోయిన రోజున దాన్ని విప్పే హక్కు ఎవరిది? విప్పితే మనిషికి అర్థమయ్యేటట్టు దాన్ని తయారు చేశారా లేదా? ఈ ప్రశ్నలు మన విమర్శలో అంతగా వినిపించవు. నాకూ ఇవి పుస్తకాలలో ఎదురు కాలేదు. గత రెండేళ్లలో మూడు చేతి రేడియోలు చెడిపోవడం వల్ల ఎదురయ్యాయి. రెండు మా ఇంట్లోవి. మూడోది అమెరికాలో వున్న మా బావది.

మా అమ్మకు చూపు మందగించి ఏడెనిమిదేళ్లయింది. అక్షరం ఆనదు. ఫోను తెర మీద వేలు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియదు. కాని రేడియో మర ఎటు తిప్పితే ఏది పలుకుతుందో వేలికి తెలుసు. వార్తలకూ, పాటకూ, తుపాను హెచ్చరికకూ ఆమెకు అదే ఆధారం. మాది సముద్రానికి దగ్గరి వూరు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి ఎరిగిన తరం ఆమెది. అందుచేత గాలి కాస్త గట్టిగా వీచిందంటే ఆమె చెయ్యి ముందు రేడియో మీదికే పోతుంది. అటువంటి మనిషి చేతిలో పెట్టె మూగబోతే అది వినోదం కరువైన సంగతి కాదు.

మొదట చెడిపోయింది పాత రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టరు. దాన్ని బస్టాండు వెనక సందులో రేడియోలు బాగుచేసే సాయిబు గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దుకాణం ఒక బల్ల, ఒక దీపం, గోడకు మూడు అరలు. ఒకప్పుడు ఆ సందులో అలాంటి దుకాణాలు నాలుగు వుండేవి, ఇప్పుడు ఆయనదొక్కటే మిగిలింది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వేటకు పోయే పడవవాళ్లు. ఒడ్డు దాటి కొంత దూరం పోయాక ఫోను పలకదు, రేడియో పలుకుతుంది. పడవ బయలుదేరే లోపల సెట్టు చేతికి రావాలని వాళ్లు ఆయన బల్ల ముందు నిలబడి వుంటారు.

సాయిబు గారు సెట్టు పని పట్టే తీరు చూసి తీరవలసిందే. ఆయన ముందు నుంచి వెనక్కి నడుస్తాడు. స్పీకరుతో మొదలుపెట్టి ఏరియలు దాకా పోతాడు. స్క్రూడ్రైవరు మొనను వాల్యూము కంట్రోలు నడిమి కాలికి తాకించాడు. స్పీకరు బుర్రుమంది.

“ఇక్కణ్ణించి బయటికి అంతా బాగానే వుంది మేష్టారూ. రోగం లోపల వుంది.”

తరవాత తన బల్ల మీది మరో రేడియోను పక్కన పెట్టి, మా సెట్టు ముల్లును విజయవాడ దగ్గర, అంటే 837 కిలోహెర్ట్జ్ దగ్గర నిలిపాడు. పక్క రేడియో ముల్లును 1292 ప్రాంతంలో మెల్లగా అటూ ఇటూ తిప్పి విన్నాడు. ఏమిటీ లెక్క అని అడిగాను.

ఈ రకం రేడియోలో బయటి నుంచి వచ్చే అలతో పాటు లోపల తనదైన మరో అల పుడుతుంది. అది మనం పెట్టిన కేంద్రం కంటే 455 కిలోహెర్ట్జ్ ఎక్కువగా వుంటుంది. రెండూ కలిసినప్పుడు వచ్చే తేడా, ఆ 455, దాన్నే రేడియో పెంచి పలికిస్తుంది. 837కు 455 కలిపితే 1292. లోపలి అల పుడుతూ వుంటే పక్క రేడియోలో ఆ చోట గరగర అణిగిపోవాలి. అణగలేదు. అంటే అల పుట్టడం లేదు. ఆయన పలక తిప్పి, చిన్న కాయిలు కాలి దగ్గర పట్టిన పచ్చటి చిలుమును గీకి, మళ్లీ టంకం వేశాడు. విజయవాడ పలికింది. 80 రూపాయలు తీసుకున్నాడు.

ఇందులో గమనించవలసిన సంగతి ఆయన నేర్పు ఒక్కటే కాదు. ఫలితం దగ్గర మొదలుపెట్టి కారణం దాకా ఒక్కొక్క మెట్టే వెనక్కి నడవడం, ప్రతి మెట్టు దగ్గరా ఊహను వస్తువుతో సరిచూసుకోవడం - దీన్నే మనం తరగతి గదులలో శాస్త్రీయ పద్ధతి అంటాం. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి దాన్ని రోజుకు పదిసార్లు ఆచరిస్తున్నాడు. ఆయనకు దాన్ని నేర్పిందెవరు? గురువు ఒకడున్నాడు, ఆ సందులోనే ముందు దుకాణం పెట్టినవాడు. కాని ఆయనే చెప్పిన రెండో గురువు మరింత ముఖ్యం. అది కాగితం. పాత సెట్లలో చాలావాటికి వెనక అట్ట లోపలో, కూడా వచ్చే పుస్తకంలోనో సర్క్యూటు బొమ్మ వుండేది. ఏ ట్రాన్సిస్టరు ఏ కాయిలుకు కలుస్తుంది, ఏ కాలి దగ్గర ఎన్ని వోల్టులు వుండాలి అన్నీ అందులో వుండేవి. సాయిబు గారు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నది ఆ కాగితాల మీదనే. ఆయన అరలో అలాంటివి ఒక కట్ట ఇప్పటికీ వుంది, నూనె మరకలతో, పెన్సిలు గుర్తులతో.

తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఆయన భాష కూడా ఆశ్చర్యం కలిగించింది. పారిభాషిక పదాలకోసం మన పండితులు సంఘాలు వేసి సంవత్సరాలు కూర్చున్నారు. ఆ సంఘాల పదాలు చాలా భాగం పుస్తకాలలోనే వుండిపోయాయి. ఈ బల్ల మీద మాత్రం ట్రాన్సిస్టరుకు కాళ్లుంటాయి, సెట్టు పలుకుతుంది లేదా పలకదు, లోహానికి చిలుము పడుతుంది, టంకం విడుతుంది, ముల్లు జారుతుంది. కంసాలి పని నుంచి కొన్ని, వైద్యం నుంచి కొన్ని, ఇంగ్లీషు నుంచి కొన్ని మాటలు వచ్చి ఏ తగాదా లేకుండా కలిసి బతుకుతున్నాయి. శ్రమలో పుట్టిన భాష అని మనం ఉపన్యాసాలలో అంటూ వుంటాం గదా, అది ఇదే. దుకాణం మూతపడితే ఈ భాష కూడా మూతపడుతుంది.

ఇక రెండో సెట్టు. పాతది ఎన్నాళ్లు పనిచేస్తుందోనని ఒక కొత్త చేతి రేడియో కూడా కొన్నాను. తేలిక, ధర తక్కువ, అంకెలతో కేంద్రం చూపిస్తుంది. ఏడాది తిరిగేసరికి అదీ మూగబోయింది. సాయిబు గారు విప్పారు. లోపల కాయిళ్లు లేవు, గ్యాంగు లేదు. అరచేతిలో సగం వుండే పలక, దాని నడుమ నల్లటి జిగురు బొట్టు ఒకటి. ఆ బొట్టు కింద చిప్పు వుంది. దాని మీద పేరు లేదు, నంబరు లేదు, కాళ్లు బయటికి కనపడవు. బ్యాటరీ స్ప్రింగులు చూశారు, స్విచ్చి చూశారు, స్పీకరు చూశారు. అన్నీ బాగానే వున్నాయి.

“ఇందులో నాకు పని లేదు మేష్టారూ. చూట్టానికేమీ వుంచలేదు.”

అమ్మిన కంపెనీ వారి సర్వీసు సెంటరు నగరంలో వుంటే అక్కడికీ వెళ్లాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు: ఈ మోడలుకు పలక విడిగా రాదు, సర్క్యూటు బొమ్మ తమకు కూడా ఇవ్వరు, పాతది తెస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్తారు. సర్వీసు అని బోర్డు వున్నచోట సర్వీసు చేసే మనిషి లేడు. ఆ కుర్రవాడు డిప్లొమా చదివినవాడు. అతని చేత చేయిస్తున్న పని రసీదు రాయడం. సాయిబు గారి చేతిలో వున్న విద్యకు కాగితం అందకుండా పోయింది. ఈ కుర్రవాడి చేతిలో వున్న కాగితానికి విద్యతో పని లేకుండా పోయింది. ఇద్దరి నష్టమూ ఒక్కచోటనే పుట్టింది.

మూడోది మా బావ స్కానరు. మా మేనమామ కొడుకు కాలిఫోర్నియాలో అడవి మంటలు రేగే ప్రాంతంలో వుంటున్నాడు. స్కానరంటే అదీ చేతి రేడియోయే. కాని ఒక కేంద్రాన్ని పట్టుకుని కూర్చోదు. పదులూ వందలూ చానళ్లను ఒకదాని తరవాత ఒకటి తట్టి చూస్తూ, మాట వినపడ్డచోట ఆగుతుంది. 1970లలో ఒక్కొక్క చానలుకు ఒక్కొక్క స్ఫటికపు ముక్క కొని అందులో పెట్టేవారు. తరవాత మీటలు నొక్కి అంకెలు ఎక్కించే రకం వచ్చింది. అగ్నిమాపక దళం, పోలీసులు, వాతావరణ శాఖ మాట్లాడుకునేది అక్కడి పౌరులు దానితో వింటారు. పత్రికా విలేఖరులకు అది పనిముట్టు. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం అనుమతి లేనిదే ఇటువంటి పరికరం దగ్గర వుంచుకోవడాన్నే నేరం చేసింది. మామూలు రేడియోకు సైతం ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టే ఆచారం 1980లదాకా నడిచింది. పార్లమెంటు 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసినా, వినే పెట్టెను అనుమతితో ముడిపెట్టే చూపు మాత్రం పాతదే. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన దేశమే ఇది.

బావ స్కానరు ఒక మంటల కాలానికి ముందు ఆగిపోయింది. కంపెనీకి రాస్తే ఆ మోడలుకు మరమ్మతు నిలిపివేశామని జవాబు వచ్చింది. వూళ్లో బాగుచేసే దుకాణమే లేదు. చివరకు పదవీ విరమణ చేసిన ఒక ముసలాయన, ఔత్సాహిక రేడియో నడిపే మనిషి, తనలాంటివాళ్లు ఒకరికొకరు పంచుకునే పాత సర్వీసు పుస్తకం దగ్గర పెట్టుకుని విప్పాడు. చార్జింగు తీగ గుచ్చేచోట టంకం బీటవేసింది, అంతే. పది నిమిషాల పని. “ఒరే, అంత చిన్నదానికి మూడు నెలలు తిరిగాన్రా” అన్నాడు బావ ఫోనులో.

ఈ స్కానరు చరిత్రను నేను తరవాత కొంత చదివాను. అందులో ఒక ఘట్టం మనందరం తెలుసుకోదగ్గది. అమెరికాలో మొదటి తరం సెల్‌ఫోన్లు మాటను ఏ కప్పూ లేకుండా గాలిలోకి వదిలేవి. స్కానరు వున్న ఎవడైనా వినగలిగేవాడు. పరాయి సంభాషణలు వినడం తప్పు, అందులో సందేహం లేదు. 1996 డిసెంబరులో ప్రతినిధుల సభాధ్యక్షుడు గింగ్రిచ్ పాల్గొన్న ఫోను సంభాషణ స్కానరుకు చిక్కి, మరుసటి నెలలో పత్రికలకెక్కి పెద్ద గొడవ అయింది. దీనికి న్యాయమైన మందు ఫోను కంపెనీల చేత మాటకు రక్షణ కట్టించడం. కాని జరిగింది మరొకటి. ఆ గొడవకు ముందే, 1993లో, ప్రభుత్వ కమిషను సెల్‌ఫోను తరంగాలను పట్టే స్కానర్ల తయారీని నిషేధించింది. 1999లో మరో అడుగు ముందుకు వేసింది. స్కానరు లోపలి సర్క్యూటు చేతికి అందకుండా వుండాలి, ఆ తరంగాలను వినడానికి ఎవరైనా మార్చబోతే పరికరమే పనికిరాకుండా పోయే విధంగా తయారు చేయాలి అని నిబంధన రాసింది.

పాఠకులు ఈ నిబంధనను ఒకసారి నిలబడి చూడాలి. విప్పితే చచ్చిపోయేటట్టు వస్తువును తయారు చేయమని చట్టమే చెప్పింది. మాట్లాడేవాడి నోటికి కప్పు వేసే ఖర్చు కంపెనీది కావలసింది. దాన్ని తప్పించి వినేవాడి పెట్టెకు సీలు వేశారు. అక్కడి పాత సెల్‌ఫోను పద్ధతిని కొనసాగించవలసిన బాధ్యత 2008 ఫిబ్రవరితో కంపెనీలకు తీరిపోయింది. ఆ ఫోన్లూ పోయాయి. ఏ సంభాషణలను కాపాడడానికి సీలు వేశారో ఆ సంభాషణలే లేకుండా పోయాయి. సీలు మాత్రం నిబంధనల పుస్తకంలో అలాగే వుండిపోయింది.

ఇప్పుడు కథ మరో మలుపు తిరిగింది. 2020లో కాలిఫోర్నియా రాష్ట్ర న్యాయశాఖ, వ్యక్తుల సొంత వివరాలు పోలీసు రేడియోలో బాహాటంగా పోరాదని ఆదేశించింది. ఆ వివరాలను మాత్రమే కాపాడుకునే దారి కూడా అందులో వుంది. చాలా పోలీసు శాఖలు దాన్ని వదిలి మాటలన్నిటినీ గుప్తం చేసేశాయి. అంచేత మా బావ స్కానరు బాగుపడినా సగమే బాగుపడింది. అగ్నిమాపక దళం వినపడుతుంది, పోలీసులు వినపడరు. సామాన్యుడి ఫోనుకు కప్పు లేనప్పుడు సామాన్యుడి చెవికి సీలు వేసిన రాజ్యం, తన మాట దగ్గరికి వచ్చేసరికి కప్పు వేయడం ఎంత సులభమో వెంటనే కనిపెట్టింది!

దీని మీద వచ్చే ఆక్షేపణ నాకు తెలుసు. చిప్పు రావడం వల్లనే గదా రేడియో ఇంత చవక అయింది, కూలివాడి చేతికి కూడా వచ్చింది, దాన్ని వెనక్కి తిప్పమంటావా అని అడుగుతారు. తిప్పమనను. కాయిలును తలుచుకుని కన్నీరు కార్చడం అభ్యుదయ వాదానికి పనికిరాదు. చిప్పు మనిషి మేధస్సు సాధించిన గొప్ప విజయాలలో ఒకటి, సందేహం లేదు. కాని చిప్పు వేరు, దాని మీద నల్లటి బొట్టు వేరు. చిప్పును చిన్నది చేసింది విజ్ఞానం. దాని పేరు చెరిపేసింది, బొమ్మను దాచింది, పలకను విడిగా అమ్మనిది లాభం. బొట్టు వల్ల కూడా తయారీ చవక అవుతుందంటారు, నిజమే. అయితే ఒక నంబరు అచ్చువేయడానికీ, ఒక కాగితం జతచేయడానికీ ఎంత ఖర్చు? మా అమ్మ చేతి నుంచి పోయింది 30 రూపాయల భాగమో 300 రూపాయల భాగమో చెప్పగలిగిన మనిషి మా వూళ్లోనే వున్నాడు. అతనికి చెప్పే అవకాశం లేకుండా చేశారు. కంపెనీకి ఇది పొదుపు. మా అమ్మకూ, సాయిబు గారికీ, చెత్తకుప్పకూ ఇది ఖర్చు.

పనివాడి తలలో వున్న విద్యను యంత్రంలోకీ, యజమాని కార్యాలయంలోకీ తరలించడం పెట్టుబడి స్వభావమని మార్క్సు 1867లో వెలువడిన గ్రంథంలో కర్మాగారాన్ని గురించి చెప్పాడు. అమెరికాలో రాగి పనివాడుగా బతుకు మొదలుపెట్టిన బ్రేవర్‌మన్ 1974లో ఆ మాటనే ఇరవయ్యో శతాబ్దపు ఆఫీసులకూ ఫాక్టరీలకూ అన్వయించాడు. వాళ్లు ముఖ్యంగా చూసింది వస్తువు తయారయ్యే చోటు. ఇప్పుడు అదే తరలింపు వస్తువు అమ్ముడుపోయిన తరవాత కూడా సాగుతున్నది. సాయిబు గారు ఏ కంపెనీకీ కూలివాడు కాదు. అయినా ఆయన విద్యను ఒక కంపెనీ ఆయన బల్ల మీదికి రాకుండానే లాక్కోగలిగింది.

మరమ్మతు హక్కు అనే మాట ఇప్పుడు ప్రభుత్వాల నోట కూడా వినపడుతున్నది. మన కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల శాఖ 2022 జులైలో దీనికోసం ఒక సంఘం వేసింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. యూరపు దేశాల కూటమి 2024లో ఒక ఆదేశమే జారీ చేసింది. ఇవి మంచి అడుగులే. అయితే ఆ మాటలన్నిటిలో హక్కుదారు ఒక్కడే: కొనుక్కున్నవాడు. అతని డబ్బు వృథా పోరాదు, అతనికి ఎంపిక వుండాలి అన్న వాదం. పనివాడు అందులో కనపడడు, కనపడినా కొనుక్కున్నవాడికి ఒక సౌకర్యంగా కనపడతాడు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. విప్పి చూసే హక్కు వస్తువు కొన్నవాడి హక్కు మాత్రమే కాదు. అది విప్పగలవాడి హక్కు. సర్క్యూటు బొమ్మ బహిరంగం కావాలని మనం అడిగేది మన 80 రూపాయలు మిగలడానికి కాదు. ఒక విద్య ఒక తరం నుంచి మరో తరానికి నడవడానికి, ఆ విద్య మీద ఒక కుటుంబం బతకడానికి. నేను విప్పలేను, మా అమ్మ విప్పలేదు. మాకు హక్కు ఇచ్చి సాయిబు గారికి బొమ్మ ఇవ్వకపోతే ఆ హక్కు గోడకు తగిలించుకునే పటం అవుతుంది. బొమ్మ ఇచ్చి, భాగాలు విడిగా బజారులో దొరికేటట్టు చేసి, చిప్పు మీద దాని పేరు వుండేటట్టు చట్టం చేస్తే, అప్పుడు సాయిబు గారి కొడుకు ఆ బల్ల ముందు కూర్చోవడానికి ఒక కారణం వుంటుంది. ఇప్పుడు లేదు. ఆ కుర్రవాడు నగరంలో ఇళ్లకు పొట్లాలు చేరవేస్తున్నాడు. ఆ పొట్లాలలో ఎన్నిటిలో బొట్టు పెట్టిన రేడియోలు వున్నాయో!

ఈ పత్రిక చదివేది విద్యార్థులు, ఉపాధ్యాయులు. మన చేతిలో చట్టం లేదు, కాని సిలబసు వుంది, సంఘం వుంది, కలం వుంది. పాలిటెక్నిక్కు విద్యార్థి సంఘాలు ఫీజుల గురించి కొట్లాడినట్టే సర్క్యూటు బొమ్మల గురించి కూడా ఎందుకు కొట్లాడరాదు? అది వాళ్ల చదువు, దాన్ని దాచిపెట్టి వాళ్లకు డిప్లొమా ఇస్తున్నారు. వస్తువు మరమ్మతును గురించి వచ్చే చట్టాల ముసాయిదాలో మరమ్మతు చేసేవాడు అనే మాట హక్కుదారుగా వుందా లేదా అని మన సంఘాలు ఎందుకు చూడరాదు? సాహిత్యం చదివిన మనం కనీసం ఒక పని చేయవచ్చు. ప్రతి జిల్లాలో మిగిలివున్న ఈ బల్లల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు, వాళ్ల పద్ధతులు, వాళ్ల అరలలోని కాగితాలు నకలు తీసి భద్రపరచవచ్చు. తాళపత్రాలకోసం వూరూరా తిరిగినవాళ్లకు వారసులం మనం. నూనె మరకలున్న సర్క్యూటు కాగితం కూడా ప్రజల గ్రంథమే. దాన్ని చదవగలవాడు బతికి వుండగానే ఆ పని జరగాలి.